అచ్చు తప్పులు పట్టిన ఆదివారాలు

ఈ మధ్య నాగర్‌కర్నూల్‌లో ఒక గ్రంథాలయానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. హైస్కూలు, ఇంటర్ చదివే పిల్లలకు పుస్తకాల మీద మోజు పుట్టించాలని ఏదో సంఘం వాళ్ళు పెట్టిన కార్యక్రమం. నా వయసు రచయిత్రుల్ని ఇలాంటి వాటికి ఎందుకు పిలుస్తారో నాకు బాగా తెలుసు. శాలువా కప్పితే కప్పించుకుంటాం, నాలుగు మంచి మాటలు చెప్పమంటే చెప్తాం, అన్నం వేళకు లేచి పోతాం. అన్నీ తెలిసే వెళ్ళాను. గేటుకు ఈ కొస నుంచి ఆ కొసకు ఫ్లెక్సీ కట్టారు. అందులో సంఘం పెద్దల మొహాలు తట్టలంత ఉన్నాయి, పుస్తకం బొమ్మ మాత్రం ఒక మూలన అగ్గిపెట్టె అంత ఉంది. పైన ఎర్రటి అక్షరాలతో 'యువ పతనోత్సవం' అని ఉంది. పఠనం కాస్తా పతనమైంది. పిల్లలు పతనమైపోతున్నందుకు ఉత్సవం చేస్తున్నామని ఊరంతటికీ చాటి, కింద 'అందరూ ఆహ్వానితులే' అని కూడా వేశారు. వేదిక వెనక కట్టిన బ్యానర్లోనూ అదే మాట. దాన్ని రాయించినవాళ్ళు, కట్టినవాళ్ళు, దాని ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్ళు, ఒక్కరు కూడా చదివినట్టు లేదు. చదవడం గురించిన సభ కదా, చదివే పని పిల్లలదే అనుకున్నారేమో.

చదువుకునే హాలును సభ కోసం ఖాళీ చేయించారు. ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న పడుచువాళ్ళు లావాటి గైడ్లు ఒళ్ళో పెట్టుకుని వరండాలో నేల మీద కూర్చుని మమ్మల్ని కొరకొరా చూస్తున్నారు. ఆ రోజు ఆ ఆవరణలో నిజంగా చదువుతున్నది వాళ్ళొక్కరే, వాళ్ళనే బయటికి తోలారు. కుర్చీలు నింపడానికి ఉప్పునుంతల దిక్కు నుంచి హాస్టల్ పిల్లల్ని ఆటోల్లో తెచ్చారు. కథల పుస్తకాలున్న అద్దాల అల్మారాకు రిబ్బను కట్టారు. రిబ్బను కింద తాళం ఉంది. నేను రిబ్బను కత్తిరించాను, చప్పట్లు కొట్టారు, తాళం మాత్రం ఎవరూ తియ్యలేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా తెలియలేదు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు మైకు పట్టుకుని సెల్‌ఫోను పిల్లల్ని ఎలా పాడుచేస్తున్నదో చెప్పారు. ఒకాయన ఆ ముక్క కూడా తన సెల్‌ఫోన్లో చూసి చదివాడు. నేను ఉన్నంతసేపు ఆ హాల్లో ఎవ్వరూ ఒక్క పేజీ తెరవలేదు.

రెండో వరుసలో ఒక హాస్టల్ పిల్ల, ఎనిమిదో తొమ్మిదో చదువుతుండొచ్చు, వేదిక వెనక బ్యానర్ వైపు చూసి పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. ఇద్దరూ చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నారు. వాళ్ళ వార్డెనమ్మ వెనక నుంచి వంగి ఆ పిల్ల భుజం మీద గట్టిగా గిల్లింది. నవ్వు ఆగిపోయింది. ఆ సభలో జరిగిన ఒకే ఒక్క పఠనం అది, దానికి దక్కిన బహుమానం అది. నేను పక్కనున్న సంఘం పెద్దమనిషి చెవిలో అక్షరం సంగతి చెప్పాను. ఆయన తల తిప్పి కూడా చూడలేదు. "చిన్న అచ్చు తప్పు మేడమ్, భావం ముఖ్యం గదా" అన్నాడు. అచ్చు తప్పు చిన్నది అన్న మాట మా ఇంట్లో ఎవరన్నా అంటే మా తాత వాణ్ణి మళ్ళీ గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నేను వినలేదు. కూర్చున్న కుర్చీలోనే మా ఊరు గద్వాల వెళ్ళిపోయాను.

మాది మగ్గాల ఇల్లు. తెల్లవారకముందే వీధి పొడుగునా పోగులు చాపి గంజి పెట్టేవాళ్ళు. పులిసిన గంజి వాసన, పట్టు ఉడకబెట్టిన సబ్బునీళ్ళ వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన వాసన, ఈ మూడూ కలిస్తే మా పొద్దు. అమ్మ రాట్నం ముందు కండెలు చుట్టేది. తాత మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అమావాస్య నాడు తప్ప లేచేవాడు కాదు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండింటికీ అడ్డపోగు లాగే నాడెలు వేరువేరు. అందుకని మగ్గం మీద ఒక్కరు చాలరు, అంచు నాడె అందించడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. ఆ ఇంకొకరు మా యశోదక్క. నాకంటే కొంచెం పెద్దది. ఏడో తరగతి కాగానే బడి మాన్పించి అక్కడ కూర్చోబెట్టారు. తాత చెడ్డవాడు కాదు. ఇంట్లో ఖాళీగా ఉన్న చేతులు అక్కవి, అంతే. నన్ను మాత్రం బడికి పోనిచ్చారు, ఎందుకంటే నా చేతికి నాడె ఇస్తే పోగులు తెగేవి. చేతకానిదాన్ని కాబట్టి చదువుకున్నాను. ఇప్పుడు నన్ను సన్మానించేవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే నా మీద శాలువా వెనక్కి లాక్కుంటారేమో.

మా ఊరి గ్రంథాలయానికి అప్పుడు ఖాజా సాబ్ లైబ్రేరియన్. పొడుగాటి మనిషి, చేతి గుడ్డతో ఎప్పుడూ బల్లలు తుడుస్తుండేవాడు. పెద్దవాళ్ళు పొద్దున్నే వచ్చి పేపర్ల కోసం కొట్లాడుకునేవాళ్ళు. మా ఈడు పిల్లలు వచ్చేది కుండలో చల్లటి నీళ్ళు తాగడానికి. ఖాజా సాబ్ మమ్మల్ని లోపలికి లాగాలని చేయని ప్రయత్నం లేదు. పిలిచి కూర్చోబెట్టి కథ చదివి వినిపిస్తే మేం ఒకర్నొకరం గిచ్చుకునేవాళ్ళం. మంచి అలవాట్ల గురించి చెప్తే నీళ్ళు తాగి పారిపోయేవాళ్ళం. ఒకరోజు బడి పిల్లాడొకడు పుస్తకంలో తలకిందులుగా పడిన అక్షరం చూసి పగలబడి నవ్వాడు. మిగతా అందరం వాడి మీద పడి ఏదీ ఏదీ అని చూశాం. అందరం ఒకేసారి ఒకే పుస్తకంలోకి తల పెట్టడం ఖాజా సాబ్ అంతకుముందు చూసి ఉండడు. మర్నాడు గోడకు కాగితం అంటించాడు. ప్రతి ఆదివారం పొద్దున అచ్చు తప్పులు పట్టే పోటీ. తప్పు దొరికితే పెన్సిల్‌తో సన్నగా సున్నా చుట్టాలి, ఆ వాక్యం గట్టిగా చదవాలి, అక్కడ ఏ మాట ఉండాలో చెప్పాలి. ఆయన ఒప్పుకుంటే ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చు. మామూలుగా పుస్తకం ఇంటికి ఇవ్వాలంటే ఎవరో ఆఫీసరు జామీను సంతకం కావాలి. మగ్గాల వీధిలో మాకు ఆఫీసరు ఎక్కడ దొరుకుతాడు.

పెద్దవాళ్ళ తప్పు పట్టుకోవచ్చు, పట్టుకుంటే మెచ్చుకుంటారు అంటే ఏ పదిహేనేళ్ళ మనిషి ఊరుకుంటుంది? కుండ దగ్గర గుంపు లోపలికి వచ్చింది. తప్పు దొరకాలంటే ప్రతి ముక్కా చదవాలి. అక్కడ ఏముండాలో చెప్పాలంటే కథ అర్థం కావాలి. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, చెప్తే పోయేవాళ్ళం కాదు. నేను తెచ్చిన పుస్తకాలు అక్క రొట్టెలు కాల్చే వేళ మోకాళ్ళ మీద పెట్టుకుని చదివేది. చదువు రాని మా అవ్వ ఆ పుస్తకాలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అట్టకు పూసిన జిగురు తెలిసి, దీనికి గూడ గంజి పెట్టిండ్రు అని మురిసేది. కొన్నాళ్ళకు అక్కకు ఇంట్లో చదివితే చాలలేదు. తానే వచ్చి తప్పు పట్టాలి, తన పుస్తకం తానే ఏరుకోవాలి. దానికి ఆదివారం ఒక్క పూట మగ్గం మీంచి లేవాలి. ఆ పూట తాను కూర్చుంటానని అమ్మ మాట ఇచ్చింది. ఇక మిగిలింది తాత ఒప్పుకోవడం.

అక్క ధైర్యం చేసి అన్నం దగ్గర అడిగింది. లైబ్రరీలో ఖాజా సాబ్ అచ్చు తప్పులు పట్టిస్తున్నాడు, చెల్లెలు పోతున్నది, నేను కూడా పోత తాతా అన్నది. తాత చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగింది. మా ఇళ్ళల్లో అచ్చు అంటే కాగితం మీద పడేది కాదు. మగ్గానికి ఉండే పళ్ళ చట్రాన్ని అచ్చు అంటాం. ప్రతి పోగూ దాని సందుల్లోంచి దూరి రావాలి. ఒక్క పోగు సందు మారిందంటే చీర పొడుగునా గీత పడుతుంది. అదీ మాకు తెలిసిన అచ్చు తప్పు. దాన్ని పట్టేది చీర కొనే సేటు, పట్టిన రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. ఇప్పుడు ఎవరో సాబ్, మగ్గం మొహం ఎరగనివాడు, వీధిలో పిల్లల్ని పోగుచేసి సొంత ఇళ్ళ చీరల్లో తప్పులు పట్టడం నేర్పుతున్నాడని తాత అర్థం చేసుకున్నాడు. నేను పోతున్నానని కూడా తెలిసింది కదా, అంటే ఇంట్లోనే దొంగను పెంచుకున్నాడు. అక్కను పొమ్మనలేదు సరికదా, నన్ను కూడా పోవద్దన్నాడు. మేం ఏదో చెప్పబోతే వినలేదు. నిజానికి మేం ఏం చెప్పాలో మాకే తెలియలేదు, ఆయన కోపం ఎందుకో మాకు అర్థమైతే కదా.

ఆదివారం పొద్దున తాత మగ్గం దిగాడు. కొత్తగా కోసిన చీర మడిచి భుజాన వేసుకున్నాడు, మా ఇద్దర్నీ వెంట నడవమన్నాడు. గ్రంథాలయంలోకి చెప్పులతోనే వెళ్ళి, పేపర్లు చదువుతున్నవాళ్ళ చేతుల మీంచే చీరను బల్ల మీద పరిచాడు.

"ఏమయ్యా సాబూ, మా ఇండ్లల్ల అచ్చు తప్పులు పట్టమని పోరగాండ్లకు నేర్పుతున్నవంట. ఇగో చీర. ఏడున్నదో నువ్వే చూపియ్."

ఖాజా సాబ్ చీర వంక చూశాడు, మా మొహాలు చూశాడు. పేపరు చదువుకునే పెద్దమనుషులు అప్పటికే నవ్వుతున్నారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు కదా, తాత పొరపాటు వాళ్ళకు వెంటనే తెలిసిపోయింది. ఖాజా సాబ్ నవ్వలేదు. జర కూసో పెద్దాయనా అని తన కుర్చీ జరిపి వేశాడు. చీర అంచు చేత్తో నిమిరి, దీంట్ల తప్పు పట్టే చెయ్యి నాది కాదు అన్నాడు. తర్వాత అల్మారాలోంచి ఒక కథల పుస్తకం తీసి, పేజీ తెరిచి యశోదక్క చేతిలో పెట్టి, సున్నా చుట్టిన చోట చదువు బేటీ అన్నాడు. అక్క గట్టిగా చదివింది. 'రాణి పట్టు చీమ కట్టుకొని సభకు వచ్చింది.'

తాత ఇంకోసారి చదివించుకున్నాడు. పట్టు చీమనా అని అడిగాడు. చీర అనేది చీమ అయ్యింది తాతా, అచ్చుల తప్పు పడ్డది అని అక్క చెప్పింది. తాత ఆ కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, చీరను చూసినట్టే ఆ కొస నుంచి ఈ కొసకు చూశాడు. ఆయనకు అక్షరాలు రావు. అయినా పెన్సిల్ సున్నా మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. అప్పుడు ఆయన కోపం మా మీంచి లేచి పుస్తకాలు వేసేవాళ్ళ మీద వాలింది.

"గింత తప్పు నేను చేస్తే సేటు చీరను నా మొఖాన కొడ్తడు. మీరేమో అల్మార్ల పెట్టి తాళమేస్తరా?"

పేపరు పెద్దమనుషుల నవ్వు ఆగింది. ఖాజా సాబ్ తల ఊపి, అందుకే పిల్లల్ని పెట్టి పట్టిస్తున్న అన్నాడు. తాత చీర మడిచి భుజాన వేసుకున్నాడు. అక్కను రమ్మనలేదు. మధ్యాహ్నం దాకా చూసుకోని రా, ఎన్ని దొరికితే అన్ని నాకు చెప్పాలె అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారాలు అక్కవి. వారమంతా అంచు నాడె అందిస్తూ ఉండేది, ఆదివారం పొద్దున జడ వేసుకునే తీరే వేరుగా ఉండేది. మొదట్లో అది పట్టిన తప్పులు చూసి ఖాజా సాబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పుస్తకంలో 'ఏమిటి' అని ఉన్న ప్రతి చోటా సున్నా చుట్టి ఏంది అని ఉండాలె అన్నది. 'వస్తాను' కింద గీత గీసి ఇది గూడ తప్పే, వస్త అనాలె అన్నది. అవి తప్పులు కావు బేటీ, అది వాళ్ళ ఊరి మాట అని ఆయన చెప్పాడు. మరి మన ఊరి మాట ఏ పుస్తకంల ఉంది సాబ్ అని అక్క అడిగింది. ఆయన అల్మారాలన్నీ వెతికాడు. ఒక్కటీ దొరకలేదని అక్కతోనే చెప్పాడు. నేను రాయడం మొదలుపెట్టింది ఆ ప్రశ్న వల్లే అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నాకు అప్పుడు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. తప్పు పట్టడంలో అక్క ముందు నేను ఎందుకూ పనికిరాను. ఇంటికి వచ్చాక అక్క దొరికినవన్నీ చెప్తుంటే తాత నాడె ఆపి వినేవాడు. ఒకరి పనిలో ఇంకొకరు తప్పు పట్టడం వినడమంటే ఆయనకు బెల్లం తిన్నట్టు ఉండేది. తప్పు అర్థం కావాలంటే ముందు కథ చెప్పాలి. అలా ఆ ఇంట్లో కథలన్నీ చెప్పుకున్నాం.

ఇప్పుడు పిల్లలు చదవడం లేదని ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు జాలి కూడా కలగదు. వీళ్ళకు చదివే పిల్లలు అక్కర్లేదు, చప్పట్లు కొట్టే పిల్లలు కావాలి. చదివిన పిల్ల మొట్టమొదట చదివేది వీళ్ళనే. ఫ్లెక్సీ చదువుతుంది, ఉపన్యాసం చదువుతుంది, తాళం చదువుతుంది. అది వీళ్ళకు నచ్చదు. అందుకే పిల్లలకు పుస్తకం చూపించి, అందుకోబోతే భుజం గిల్లుతారు. మా అక్క ఇప్పుడు వనపర్తిలో కూతురి దగ్గర ఉంటుంది. పేపరు వస్తే పైన పేరు నుంచి చివరి ప్రకటన దాకా చదివి, పెదవి విరిచి పక్కన పడేస్తుంది. సభకు రమ్మని అడిగితే నేను రాను పో అన్నది. ఎందుకు రాదో నాకు తెలుసు.

ఆ ఆదివారాలు సాగుతుండగానే ఖాజా సాబ్‌ను అచ్చంపేటకు మార్చారు. కొత్తగా వచ్చినాయన మొదటి వారమే అల్మారాలు తెరిపించి చూశాడు. ప్రతి పుస్తకంలోనూ పెన్సిల్ సున్నాలే. సర్కారు సొమ్ము పాడుచేశారని ఆదివారం వచ్చిన పిల్లలందర్నీ నిలబెట్టాడు. పుస్తకాల మీద గీసేవాళ్ళు రేపు గోడల మీద గీస్తారన్నాడు. మగపిల్లలు మెల్లగా జారుకున్నారు. ఆడపిల్లలం కాబట్టి మేం నిలబడ్డాం. మా ముందు పుస్తకాలు పేర్చి రబ్బర్లు ఇచ్చాడు. పట్టు చీమ పుస్తకం అక్క వాటాకే వచ్చింది. కాగితం చిరగకుండా ఎడమచేత్తో అదిమి పట్టి, చుట్టిన సున్నాలన్నీ అక్కే తుడిచింది. దాని పక్కన కూర్చుని తుడుస్తూ నాకు ఏడుపొచ్చింది, అక్కకు రాలేదు. అంతా అయ్యాక ఆయన, జామీను సంతకం లేనివాళ్ళు ఇక లోపలికి రావద్దని చెప్పాడు. వీధిలో నడుస్తూ అక్క లంగా మీద పడిన రబ్బరు పొడి దులుపుకుంది. మనవి తుడిచినం, వాళ్ళ తప్పులు అట్లనే ఉన్నయి అన్నది.

ఇంటికి వచ్చేసరికి తాత నాడె ఆపి ఎదురుచూస్తున్నాడు. ఈసారి ఏం దొరికినయి బిడ్డా అని అడిగాడు. నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. జరిగింది చెప్తే తాత మళ్ళీ చీర భుజాన వేసుకుని బయలుదేరతాడు. కొత్తాయన కుర్చీ జరపడు, కూసోమనడు, పేపరు పెద్దమనుషులతో కలిసి నవ్వుతాడు. అది అక్కకు తెలుసు.

"ఏం దొరకలే తాతా. అన్ని మంచిగనే ఉన్నయి."

తాత మొహం వెలిగింది. ఇన్నొద్దులకు పని నేర్చుకున్నరు అని తృప్తిగా తలూపాడు. మిగిలిన కోపం కూడా పోయినట్టు, పుస్తకాలు వేసేవాళ్ళందర్నీ క్షమించేశాడు. తర్వాత అంచు నాడె తీసి అక్క వైపు చాపాడు.

"తప్పులే లేనప్పుడు ఇగ పోవుడెందుకు బిడ్డా. రా, కూసో."

అమ్మ మగ్గం పక్క నుంచి లేచి చోటు ఇచ్చింది. అక్క చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.